మొదటి డబ్బా

ఆ ఆసుపత్రిలో అక్క కంప్యూటర్ల గదిలో, చెల్లెలు వార్డులో నర్సుగా పనిచేసేవారు. రోగుల వివరాలు వెబ్ పేజీలో కనబడేలా చేసింది అక్కే.

ఆ వివరాలు డేటాబేస్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే పద్ధతిలో ఉండేవి. మరేం లేదు, వంటింటి డబ్బాలకు చీటీలు అంటించినట్టే. పెద్ద డబ్బా మీద రోగి పేరు, లోపల చిన్న డబ్బాలు: వయసు, జబ్బు, పడని మందు. ముందటివాళ్ళు ఒక్కో మనిషి డబ్బాను మొత్తంగా ఒకే గడిలో కుక్కేసి పోయారు. అక్క వాటిని విప్పి, 'పడని మందు' చీటీ వెతికి, దొరికిన మొదటి డబ్బా పేజీలో పెట్టి చేతులు దులుపుకుంది. పరీక్షకని తాను కల్పించిన పదిమంది రోగులకూ ఒక్కొక్క మందే పడదు మరి.

వాళ్ళమ్మకి రెండు పడవు. రెండోది పడదని తేలిన ఏడాది చెల్లెలు వేరే ఊళ్ళో చదువుకుంటోంది. అక్కే దగ్గరుండి ఆసుపత్రిలో రాయించింది. అందుకే అమ్మ జ్వరంతో చేరినప్పుడు, అన్నీ రాసే ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఊరుకుంది. చెల్లెలు పేజీ చూసింది. ఒక్కటే ఉంది. డాక్టరు రాసిన ఆ రెండో మందు తన చేత్తోనే ఎక్కించింది.

వారం తిరిగేసరికి ఆ మందు పడక అమ్మకి రెండు చెవులూ వినబడకుండా పోయాయి.

అక్కకి సంగతి తెలియడానికి అరగంట పట్టలేదు. ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చింది. డబ్బాలన్నీ పేజీలోకి వచ్చాయి. మార్పుల పుస్తకంలో 'చిన్న సవరణ' అని రాసింది.

"పేజీలో తప్పుందని బయటపడితే మన గదికి గదే ఖాళీ. నర్సు అడిగి తెలుసుకోవాల్సింది, అంతే," అన్నాడు పై అధికారి అక్కతో.

"నేను చూసినప్పుడు ఒకటే ఉందే. విచారణలో ఒక్క మాట చెప్పవే," అని బతిమాలింది చెల్లెలు.

"ఇప్పుడు రెండూ ఉన్నాయి కదమ్మా," అంది అక్క.

"ఇప్పుడున్నాయిలే."

చెల్లెలి ఉద్యోగం పోయింది. ఆ పూట అక్క అన్నం పెడుతుంటే, తన గొంతు తనకే వినబడక అమ్మ గట్టిగా అంది:

"దానికి మొదట్నుంచీ పరాకే. నువ్వే నయం, దగ్గరుండి రాయించావు."

"తప్పు నాదేనమ్మా," అంది అక్క, నోట్లో నోట్లోనే.

అమ్మ ఇంకాస్త కూర వెయ్యమంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న చెల్లెలు ఆగింది.

"ఆ మాట వినబడేవాళ్ళతో చెప్పవే."

అక్క కూర వడ్డించి, ఖాళీ గిన్నె కడగడానికి లోపలికి వెళ్ళింది.