పంచాయతీ రేడియోలో మా చెల్లెలి పాట

కీసరకీ నందిగామకీ మధ్య రోడ్డు పక్క ఊరు మాది. పేరు రాయను. రాస్తే మా ఊరు అలాంటిది కాదని నలుగురు బయల్దేరతారు. పంచాయతీ ఆఫీసు డాబా మీద రెండు మైకు గొట్టాలుండేవి. రెండూ బజారు వైపే. మా పల్లె, అంటే ఊరు మమ్మల్ని ఎడంగా ఉంచిన వాడ, ఆఫీసుకి వెనకుంది. గాలి ఇటు కొడితే సగం పాట వినపడేది, లేకపోతే గురగుర.

రేడియో పెట్టే పని మా చెల్లెలు రత్నమణి మొగుడిది. జ్ఞానయ్య. నందిగామలో రిపేరు షాపులో మూడేళ్లు పని నేర్చాడు. ఊళ్లో ఇంకెవరికీ ఆ పెట్టె ముట్టుకోడం రాదు గనక ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారు మావాణ్ణి పెట్టుకున్నారు. జ్ఞానయ్య ఆఫీసులోకి వెనక గుమ్మంలోంచి వెళ్లాలి, వెనక గుమ్మంలోంచే రావాలి. ఆ మాట ఎవరూ నోటితో అనలా. అననక్కర్లేదు కూడా.

ప్రతి నెలా ఒకటో తారీకున ప్రెసిడెంటు ఒక చీటీ రాసిచ్చేవాడు. ఎన్నింటికి ఏ స్టేషను, ఏ పాటలు. ఆ చీటీని జ్ఞానయ్య అన్నం మెతుకులతో రేడియో మీద అతికించేవాడు. అందులో ఉన్నదే ఊరు వినాలి.

డెబ్బై రెండులో రేడియో వచ్చినప్పుడు చీటీ నిండా కచేరీలే. ప్రెసిడెంటుకి సంగీతం ముక్క రాదు. పెద్దమనుషుల ఊరనిపించుకోవాలని సరదా. ఒకరోజు ఘటం వాయిస్తుంటే బసవయ్య గారని ఒక రైతు, "ఏరా జ్ఞానయ్యా, ఆ కుండ పగిలేదాకా ఊరుకోడా వాడు?" అని కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆయనెనకే బజారంతా లేచింది. ఎలక్షన్లొస్తున్నాయనగా చీటీ మారింది. సాయంత్రం ఆరు నించి ఎనిమిది దాకా సినిమా పాటలు. ఇక చూడాలి, చోటు కోసం తువ్వాళ్లు పరిచి పోయేవాళ్లు.

డెబ్బై నాలుగు అక్టోబరులో విజయవాడ రేడియో స్టేషను వాళ్లు మా చర్చిలో పాడే ఆడవాళ్లని పిలిపించారు. పన్నెండు మంది. అందులో రత్నమణి ఒకతి. గాజులు చప్పుడు చేస్తున్నాయని తీయించి మరీ పాడించారట. క్రిస్మస్ రోజు సాయంత్రం ఆరున్నరకి వేస్తామన్నారు. పల్లెలో ఒక్క రేడియో లేదు. పాస్టరు గారికీ లేదు. మా వాళ్ల పాట మేం వినాలంటే ఆ పంచాయతీ గొట్టమే దిక్కు.

నేనప్పటికే కూలి సంఘం పనిలో ఉన్నా. జ్ఞానయ్యని వెంటేసుకుని ప్రెసిడెంటు దగ్గరికి పోయా.

"ఏరా బాలసామీ, కూలి రేట్లయిపోయినయ్యా, పాటల మీద పడ్డావు?"

"అరగంటేనండీ. ఒక్క రోజు."

"అరగంట సినిమా పాటలాపితే బజారు నన్ను తిడద్ది. ఓట్లు నువ్వేయిస్తావా?"

"పల్లెవీ ఓట్లేగదండీ."

"అవెటూ పడేయే కదరా" అని నవ్వాడు. నవ్వుతూనే జ్ఞానయ్య వైపు తిరిగి, "చీటీలో ఏముందో అది పెట్టు" అన్నాడు.

"అట్నేనండీ" అన్నాడు మావాడు. నేనక్కడే ఉన్నా.

క్రిస్మస్ సాయంత్రం పల్లె పల్లంతా కొత్త బట్టలతో ఆఫీసు వెనక సందులో కూర్చుంది. ముసలాళ్లని మంచాల మీద మోసుకొచ్చారు. ఆరున్నరయింది. సినిమా పాట ఆగలా. రత్నమణి వెనక గుమ్మంలో నిలబడింది.

"స్టేషను ముల్లు తిప్పు."

"చీటీలో లేదు మణీ."

"ముల్లు తిప్పడానికి చీటీ ఎందుకు? చెయ్యి చాలదా?"

"ఉద్యోగం పోద్ది."

"పోనీ. కూలికి పోదాం. నేను రావట్లా కూలికి?"

వాడు తల ఎత్తలా. చెయ్యి ముల్లు మీదే ఉంది, తిప్పలా. మా చెల్లెలు అరగంటసేపు ఆ గుమ్మంలోంచి కదల్లేదు. నేను సందులోంచి లేచి లోపలికి పోయి తిప్పొచ్చు. నేనూ పోలా. అది ఇన్నేళ్లకి రాస్తున్నా. ఏడయ్యాక అంది:

"నా పాట ఊరూరా విన్నారు. నా ఊళ్లో నా మొగుడి చెయ్యి అడ్డమొచ్చింది. నా పాట ఆ గొట్టంలో నువ్వు పెట్టిన రోజు కబురు చెయ్. వస్తా."

తెల్లారి జగ్గయ్యపేట బస్సెక్కింది. అక్కడ మా పిన్ని ఆరోగ్యమ్మ ఇంట్లో ఉండి పత్తి మిల్లులో పనికి కుదురుకుంది.

జ్ఞానయ్య ఒక్కడే మిగిలాడు. తనే వండుకునేవాడు. పల్లెలో వాడితో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు, బజారులో మొదట్నించీ లేరు. రోజూ సాయంత్రం వందల మంది కోసం రేడియో పెట్టేవాడు, ఆ వందల మందిలో ఒకడు కూడా అన్నం తిన్నావా అని అడిగినోడు లేడు. ఏటా నవంబరులో మాత్రం విజయవాడ స్టేషనుకి కార్డు రాసేవాడు. ఆ పన్నెండు మంది పాట మళ్లీ వెయ్యమని. జవాబు రాలా.

చీటీలు మారుతూనే ఉన్నాయి. డెబ్బై ఆరులో సర్కారు పాటలు. పిల్లల్ని తక్కువ కనమనే పాటలకి మాత్రం ఒక గొట్టం మా పల్లె వైపు తిప్పించారు. ఏడాది తిరక్కుండా మళ్లీ బజారు వైపు తిప్పేశారు. అంటే ఆ గొట్టం తిరుగుద్దన్నమాట, తిరగదని మాతో అన్నారు గానీ. డెబ్బై తొమ్మిదిలో ప్రెసిడెంటు గారి బావమరిది ఒక టేప్ రికార్డర్ ఇచ్చాడు. అప్పట్నించి పొద్దునా సాయంత్రం భక్తి క్యాసెట్లు, నాలుగంటే నాలుగే, టేపు సాగి గొంతులు ముసలాళ్ల గొంతులయ్యేదాకా. ఎనభై మూడులో పార్టీ పాటలు. వాటికి బజారు ఊగిపోయింది. గెలిచారు, ఆపేశారు. ఎనభై అయిదుకి ప్రెసిడెంటు వసారాలో టీవీ వచ్చింది. ఊరు ఊరంతా ఆ వసారాకి ఎగబడింది. పంచాయతీ అరుగు మీద కుక్కలు పడుకునేవి. ప్రెసిడెంటు చీటీ రాయడం మర్చిపోయాడు. పాత చీటీ పెట్టెకి అలాగే అంటుకుని ఉంది, జ్ఞానయ్య దాని ప్రకారమే పెడతా ఉన్నాడు.

ఆ నవంబరులో జవాబొచ్చింది. మీరు కోరిన పాటలు డిసెంబరు ఇరవయ్యైదు సాయంత్రం ఆరున్నరకి వేస్తాం అని. కార్డు పట్టుకుని పొలం గట్ల మీద పరిగెత్తుకొచ్చాడు. నలభయ్యేళ్ల మనిషి.

"బావా, చదువు. నేను చదివింది సరిగ్గానే ఉందా, నువ్వు చదువు."

చదివా. సరిగ్గానే ఉంది.

క్రిస్మస్ ముందు రోజు ప్రెసిడెంటు ఇంటికి పోదాం రమ్మన్నాడు. ఎందుకన్నా. చీటీ కోసం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా పోయా. వసారాలో జనం, ముందు కుర్చీలో వీరరాఘవయ్య గారు.

"అయ్యా, రేపు సాయంత్రం అరగంట..."

"ఏందిరా?"

"రేడియోలో క్రిస్మస్ పాటలండీ. పెట్టుకోమంటారా?"

"అదింకా పనిచేస్తందా? పెట్టుకోరా నీ ఇష్టం. పక్కకి జరుగు, బొమ్మ కనపట్లా."

వసారాలో అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నమే డాబా ఎక్కి రెండు గొట్టాలూ పల్లె వైపు తిప్పి తీగతో కట్టాడు. రత్నమణికి ముందే కబురంపాడు. ఆమె రాలా. ఆరున్నరయింది. పల్లెలో చర్చికి సొంత మైకుసెట్టు ఉంది అప్పటికి, అందులో క్యాసెట్టు మోగుతుంది. కుర్రాళ్లు దాని ముందు గంతులేస్తున్నారు. బజారంతా టీవీ దగ్గర. ఆఫీసు గదిలో నేనూ వాడూ.

పాట మొదలైంది. వాడు పెట్టెకి చెవి ఆనించాడు. అప్పుడు తెలిసింది నాకు. పదకొండేళ్లు ఈ పాట కోసం కార్డులు రాసిన మనిషి ఈ పాట ఒక్కసారి కూడా వినలా. ఆ రోజు వాడు పెట్టింది వేరే స్టేషను గదా.

"ఇదేనా మణి గొంతు?" అన్నాడు. "ఇది కాదులే. ఇదా? బావా, ఏది?"

నాకు తెలిసింది. మూడో చరణంలో, కొంచెం ముందుగా ఎత్తుకునే గొంతు. చెబుదామనుకునేలోపు చరణం అయిపోయింది. తర్వాత చెప్పబుద్ధి కాలేదు.

తెల్లారి ఇద్దరం జగ్గయ్యపేట పోయాం. మిల్లులో మధ్యాహ్నం అన్నాలకి వదిలారు. రత్నమణి గేటు దగ్గరికి వచ్చింది. తలంతా పత్తి నూగు. నలుపేదో తెలుపేదో తెలీకుండా ఉంది.

"పెట్టా" అన్నాడు జ్ఞానయ్య.

"ఎవరు విన్నారు?"

"నేనూ, బావా."

ఆమె నా వైపు చూసింది.

"ప్రెసిడెంటేమన్నాడు?"

"ఏమన్లా. పెట్టుకోమన్నాడు."

"అంటే పోయి అడిగావా?"

వాడు తలూపాడు.

"వద్దనేవాడు ఒక్కడు కూడా లేని రోజున కూడా అడిగే పెట్టావన్నమాట" అంది. కోపంగా అన్లా. అలిసిపోయినదాన్లా అంది.

జ్ఞానయ్య అన్నాడు, "అందులో నీ గొంతేదో నాకు తెలీలా మణీ."

ఆమె వాడి మొహంలోకి చూసింది. పదకొండేళ్లలో వాణ్ణి అంత సూటిగా చూడటం అదే అనుకుంటా. మిల్లు గంట కొట్టారు.

"పిన్ని అన్నం వండింది. తినిపోండి" అని లోపలికెళ్లిపోయింది.

అన్నం తిన్నాం. నందిగామ బస్సు అయిదింటికి. జ్ఞానయ్య రానన్నాడు. మిల్లు వదిలేదాకా గేటు దగ్గర కూర్చుంటానన్నాడు.

"ఏం చెబుతావు?" అన్నా.

"ఏం లేదు. కూర్చుంటా."

"ఆమె ఇంకో గేటు నించి పోతే?"

"పోనీ."

నేను బస్సెక్కా. ఊరు చేరేసరికి ఏడు దాటింది. పదమూడేళ్లలో మొదటిసారి పంచాయతీ రేడియో గది తాళం తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని ఊళ్లో ఒక్కడు అడగలా.