రెండో వరుసలో అమ్మాయి

సినిమా చదువు చెప్పే ఆ కాలేజీలో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. 'ఆపు మాస్టారు' అంటారు. పాటల వీడియోలు వేసి, ఎక్కడ పడితే అక్కడ ఆపి, ఆ బొమ్మలో ఏముందో విప్పి చెప్పడం ఆయన పని. "నాతో పోట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఆపి, 'ఇదిగో, ఇప్పుడు నీ కనుబొమ చూడు' అంటారండీ" అని ఆయన భార్య నవ్వేది.

ఆయనకి పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. నాలుగు నిమిషాల పాట. మూతపడ్డ నూలుమిల్లులో తీశారు. తాళం వేసిన షెడ్డులో కాలిపోయిన మిల్లు అమ్మాయిలు బూడిదరంగు గౌన్లలో దయ్యాలై లేచి, తాళం వేయించిన యజమాని చుట్టూ డాన్సు చేస్తారు. దయ్యాల సినిమా భయం, మిల్లు కథ, డాన్సు, మూడూ మూడు పాయల జడలా కలిశాయని మాస్టారు మూడేళ్ళుగా చెబుతున్నారు. మూడో నిమిషంలో ఒకమ్మాయి ఇనప మెట్ల మీంచి పడుతుంది. లేచి, ఒక చెయ్యి వేలాడుతుండగానే మిగతా అడుగులు పూర్తి చేసి, ఎడమ పక్కన కిందికి చూస్తుంది. వెంటనే తెర నల్లబడుతుంది.

ఆ ఒక్క చూపు మీద ఆయన పద్దెనిమిది పేజీలు రాశారు. 'దయ్యం తన సమాధిని తానే చూసుకుంటోంది. ఇంతకు మించిన నటన నేనెరగను' అన్నారు అందులో. ఆ తర్వాత వచ్చే నల్లతెరని దర్శకుడి నిగ్రహమన్నారు.

ఆ ఏడు జెరాక్స్ గదిలోకి కొత్తగా ఒకావిడ చేరింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేదు. కాగితాల దొంతరని గడ్డంతో అదిమిపట్టి సర్దుతుంది. మాస్టారు తన పేజీలు నలభై కాపీలు తియ్యమని ఇచ్చి, తరగతికి ముందు వచ్చేసరికి మిషను ఆగి ఉంది. ఆవిడ ఒక పేజీ పట్టుకుని నుంచునుంది.

"ఇది మీరు రాసిందేనా సార్?"

"నేనేనమ్మా. ఏం, అచ్చు సరిగా పడలేదా?"

"అచ్చు బానే ఉంది. ఈ అమ్మాయిని నేనే."

మాస్టారు మొదట సంబరపడిపోయారు. ఆ సంబరాన్ని తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడ్డారో లెక్కలేదు.

"మీరా! ఎన్నాళ్ళ నుంచి కలవాలనుకుంటున్నానో! ఆ చూపు ఎవరు చెప్పి చేయించారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్. తుప్పు పట్టిన మెట్టు ఊడిపోయింది. నేనొక పక్క పడ్డాను, ఆ ఇనప మెట్టు ఇంకో పక్క పడింది. దాని కింద నా స్నేహితురాలుంది. నేను చూసింది ఆ పిల్లని."

మాస్టారు ఆవిడ చేతిలోని పేజీ వైపు చూశారు. "కానీ మీరు లేచి డాన్సు చేశారు కదా?" అన్నారు.

"ఆపమని ఎవరూ అనలేదుగా. పాట నడుస్తోంది. షాట్ పాడైతే మా గుంపుని మళ్ళీ పిలవరు. ఒళ్ళు దానంతటదే ఆడింది సార్." ఆవిడ పేజీని దొంతర మీద పెట్టింది. "నాలుగో రోజున ఆ పిల్ల పోయింది. వాళ్ళమ్మకి మాత్రం పాట తీసిన కంపెనీ వాళ్ళు బస్సెక్కుతూ పడిందని చెప్పించారు. ఆవిడ నన్నడిగితే నేనూ అవునన్నాను. నోరు తెరిస్తే ఇంకెక్కడా పని దొరకదన్నారు. ఈ చేత్తో ఎలాగూ ఎవరూ ఇవ్వలేదు."

"బొమ్మలో ఆ అమ్మాయి మీద మెట్టు పడటం ఎక్కడా కనపడదే?"

"అందుకేగా నల్లగా చేశారు."

ఆ కాపీలు మాస్టారు తీసుకోలేదు. ఈ సంగతి పిల్లలకి చెప్పనా అని అడిగారు. ఆవిడ మిషను మూత దించింది.

"చెప్పండి. మా పేర్లు మాత్రం రానివ్వకండి. వాళ్ళమ్మ మా పక్క వీధిలోనే ఉంటుంది. ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆవిడతోనే భోంచేస్తాను. నన్ను కూతురంటుంది."

ఆయన తరగతిలో ఉన్నదున్నట్టు చెప్పారు. పేర్లు ఎత్తలేదు. తాను రాసిందంతా తప్పన్నారు. వెనక బెంచీలోంచి ఒక విద్యార్థిని లేచింది. "అయితే సార్, ఇప్పుడు ఆ షాట్ ఇంకా గొప్పదైనట్టా, కానట్టా?" వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అలా అడగడం నేర్పింది ఆయనే.

నోట్లో నువ్వుగింజ నానని కాలం. ఎవరో ఆయన మాటల్ని ఫోనులో పట్టి, పాటకి జోడించి వదిలారు. 'నిజంగా ప్రాణం పోయిన షాట్' అని పేరు పెట్టారు. జనం విరగబడి చూశారు. ఆ చూపు చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, నిదానంగా తిప్పి తిప్పి వేశారు. పూర్తిగా చాపలేని మోచెయ్యిని బట్టి జెరాక్స్ ఆవిడే ఆ అమ్మాయని పోల్చుకోడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. చేతిలో ఒక్క కాగితమైనా లేకుండా పిల్లలు ఆ గదికి వచ్చేవారు. "ఒక్కసారి అలా చూడక్కా, ఒక్క ఫొటో" అనేవారు. నాలుగో రోజున ఆవిడ తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళిపోయింది.

మాస్టారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. ఆవిడ తలుపు సగమే తీసింది.

"మిమ్మల్ని తిట్టే ఓపిక కూడా లేదు సార్. వాళ్ళమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. 'ఏడేళ్ళు నా ఎదురుగా కూర్చుని తిన్నావు కదే, ఒక్కసారైనా గొంతుకి అడ్డం పడలేదా' అని వెళ్ళిపోయింది."

"నేను మాట్లాడతానమ్మా ఆవిడతో."

"మీరిప్పటిదాకా మాట్లాడింది చాలు."

మర్నాడు పదకొండింటికి ఆ తల్లే కాలేజీకి వచ్చింది. పలచటి మనిషి. ఖాళీ తరగతిలో ముందు బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ పాట చెప్పేది మీరేనా బాబూ? మా పిల్లని చూపించండి. మెట్టు పడ్డప్పుడు కాదు. అంతకుముందు."

మాస్టారు పాట వేశారు. వేశాక గానీ తట్టలేదు, ఆ అమ్మాయి ఎవరో తనకే తెలీదని. దయ్యాలన్నీ ఒక్కలాంటి గౌన్లలో, ఒక్కలాంటి బూడిద మొహాలతో వచ్చాయి.

"అదిగో," అంది తల్లి. "ఆపండి."

రెండో వరుస, చివర్నించి మూడో అమ్మాయి. అందరూ ఉరిమి చూస్తుంటే ఆ పిల్ల ఒక్కతే కింది పెదవి పంటితో నొక్కిపట్టింది. నవ్వు తన్నుకొస్తోంది, ఆపుకుంటోంది. ఆ పాటని ఆయన వందసార్లు చూసుంటారు. ప్రతిసారీ కళ్ళు మెట్ల మీద ఉన్న అమ్మాయి మీదే.

"చిన్నప్పట్నుంచీ అంతే," అంది తల్లి. "బళ్ళో ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా నవ్వొచ్చేది. దెబ్బలు తినొచ్చేది." "మళ్ళీ వెయ్యండి" అంది. ఆయన మూడుసార్లు వేశారు. మూడోసారి ఆవిడ తెర వైపు కాక గోడ వైపు చూస్తూ కూర్చుంది. దుఃఖం లోపలే కుక్కుకుంటోందని భుజాల కదలికలోనే తెలిసింది.

"తప్పంతా నాదమ్మా," అన్నారు మాస్టారు. "ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి."

"కోపం లేదని ఎలా అనను బాబూ? ఉంది. పోయేలా లేదు." ఆవిడ లేచి సంచీ సర్దుకుంది. "మెట్టు తుప్పు పట్టిందని ముందే తెలుసా వాళ్ళకి? అది చెప్పగలిగేది ఆ పిల్ల ఒక్కతే. దాన్ని పోలీసు స్టేషనుకి రమ్మనండి. నేనూ వస్తాను."

ముగ్గురూ వెళ్ళారు. జెరాక్స్ ఆవిడ అంతా చెప్పింది. తుప్పు సంగతి షూటింగు రోజు పొద్దున్నే చెప్పినా ఎవరూ వినలేదని కూడా చెప్పింది. రాసుకున్నారు. మిల్లు కూల్చేసి రెండేళ్ళయిందని, చూపించడానికి మెట్లే లేవని, పాట తీసిన కంపెనీ వాళ్ళు డాన్సరే అడుగు తప్పిందంటున్నారని తర్వాత కబురొచ్చింది. పాట ఇంకా ఉంది, మునుపటికన్నా ఎక్కువ మంది చూస్తున్నారు. మాస్టారు ఆ పాఠం మానేశారు. ఆ పద్దెనిమిది పేజీలు మాత్రం వేరే కాలేజీల్లో ఇంకా చదివిస్తూనే ఉన్నారు.

స్టేషనుకి పిలిచినప్పుడల్లా ఆ ఇద్దరాడవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. మాట్లాడుకోరు. పిలుపు రాగానే పెద్దావిడ ముందు లేస్తుంది. రెండో ఆవిడ కూడా లేచేదాకా ఆగి, అప్పుడు లోపలికి నడుస్తుంది.