ఆఖరి బాలు సాక్ష్యం

“మణీ, ఆ ఆఖరి బాలు సంగతి ఇంకొకసారి చెప్పు” అన్నాడు యేసుప్రసాద్, అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటూ.

కృపమణి అతని తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతోంది. రేపు చర్చిలో యువజనుల ఆదివారం. సాక్ష్యం చెప్పాల్సింది యేసుప్రసాద్. నందికొట్కూరు మార్కెట్ యార్డులో గుమాస్తాగా వారమంతా బస్తాల మధ్య తిరిగే ఈ మనిషి, మైకు ముందు నిలబడితే మాత్రం వేరే మనిషి అయిపోతాడు. దేవుడు తన జీవితంలో ఏమేం చేశాడో అతను చెబుతుంటే ముసలివాళ్ళు కళ్ళొత్తుకుంటారు, కుర్రవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు.

“నీకు నోటికొచ్చు కదా, మళ్ళీ ఎందుకు?” అంది కృపమణి.

“నోటికొచ్చులే. నువ్వు చెప్తే ఏదో ఒక చిన్న ముక్క కొత్తగా దొరుకుతాది. పోయినసారి అరచెయ్యి చెమట పట్టిందన్యావు చూడు, అది చెప్తాంటే చర్చిలో ఒక్కరన్నా దగ్గలేదు.”

వినేవాళ్ళు తికమక పడకుండా సంగతి ఇక్కడే చెప్పేయాలి. ఆ అరచెయ్యి కృపమణిది. ఆ చెమటా ఆమెదే. పద్దెనిమిదేళ్ళ కిందట కడప గ్రౌండులో, రాష్ట్ర స్లో పిచ్ సాఫ్ట్‌బాల్ ఫైనల్లో, కర్నూలు జిల్లా ఆడపిల్లల జట్టు తరఫున ఆఖరి బాలు వేసింది ఆమె. యేసుప్రసాద్ ఆ రోజు కడపలోనే లేడు. అతను కాలేజీలో రెండేళ్ళు క్రికెట్ జట్టు వెంట తిరిగాడు గానీ ఒక్క మ్యాచి ఆడలేదు. ఆడేవాళ్ళకు నీళ్ళ సీసాలు మోశాడు.

పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆమె ఆ సంగతి అతనికి చెప్పింది. నిజానికి అది చెప్పకూడని సంగతి. పెళ్ళిచూపులకు ముందే వాళ్ళమ్మ గడ్డం పట్టుకుని బతిమాలింది: “ఆటల మాట ఎత్తొద్దు తల్లీ. ప్యాంటు తొడుక్కొని ఊర్లు తిరిగిన పిల్ల అంటారు. కుట్టుమిషను నేర్చుకున్యావని చెప్పినాం, అదే చెప్పు.” అత్తగారింటికి ఆమె కుట్టుమిషను పిల్లగానే వచ్చింది. మొగుడి దగ్గర దాపరికం ఎందుకని అతనికి మాత్రం చెప్పేసింది. అతను మధ్యలో ఒక్క మాట అడ్డం వేయకుండా విన్నాడు. అంతసేపు ఆమె మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. ఆ వినడం చూసే ఆమె అతని మీద మనసు పారేసుకుంది.

తర్వాత ఏం జరిగిందో ఆమెకు మెట్టు మెట్టుగా గుర్తుంది. స్నేహితుల దగ్గర అతను మొదట “మా జిల్లా జట్టు” అన్నాడు. కొన్నాళ్ళకు అది “మా జట్టు” అయింది. నిస్సీ చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఆత్మకూరు యువజన కూటంలో “నేను” అయింది. ఆడవాళ్ళ వైపు చాప మీద పిల్లకు పాలిస్తూ కూర్చున్న కృపమణి, నోరు జారాడులే అనుకుంది. ఇంటికొచ్చాక “ఎట్లా చెప్పినా?” అని అడిగాడు. ఆ కళ్ళలో బెరుకు చూసి “బాగా చెప్పినావు” అంది. బాగా చెప్పినావు అట! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. కూరలో మంచి ముక్క అతని కంచంలో వేసినట్టే ఇదీ వేసేసింది. ముక్కదేముంది, తింటే అయిపోతుంది. ఇది అయిపోలేదు. ఏటేటా పెరిగింది, దాంతోపాటు బాలు వేగమూ పెరిగింది. యేసుప్రసాద్‌కు తెలిసిందల్లా క్రికెట్టు. అతని దృష్టిలో ఆఖరి బాలు అంటే దూసుకుపోవాల్సిందే. “ప్రభువా అని కళ్ళు మూసుకొని శక్తికొద్దీ విసిరినా” అనేవాడు. పోయిన ఈస్టరుకు అది తుపాకీ గుండులాగా పోయింది.

అత్త మార్తమ్మకు ఆ కథంటే ప్రాణం. “కాలేజీలో సదువుకుంటాండాడనుకుంటిమి. మాకు తెలీకుండా ఎండలో ఆడి ఛాంపియన్ అయినాడు నా కొడుకు” అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. ఒకసారి కృపమణి ఏదో అనబోతే, “నీకేం తెలుసమ్మే ఆటల సంగతి, పప్పులో ఉప్పు సాలిందేమో సూడు పో” అంది. కృపమణి పోయి ఉప్పు చూసింది.

అసలు స్లో పిచ్‌లో బాలు గట్టిగా విసిరితే చెల్లదు. చెయ్యి కిందనుంచి ఊపి, బాలు మనిషి ఎత్తు దాటి పైకి లేచి, కొట్టే పిల్ల ముందుకొచ్చి వాలేటట్టు వదలాలి. చూసేవాళ్ళకు నవ్వులాట. గజనిమ్మకాయంత బాలు అంత నిదానంగా వస్తుంటే ఎవరికి మాత్రం కొట్టబుద్ధి కాదు? ఆ తొందర వల్లే కొట్టడం తప్పుతారు. ఈ కిటుకు కృపమణికి నేర్పింది డ్రిల్లు టీచరు రెజీనా మేడం. ఆలూరు వైపు పల్లెల నుంచి, కూలికి పోయే ఇళ్ళ నుంచి పిల్లల్ని ఏరుకొచ్చి, కోత అయిపోయిన శనగ చేలో ఆడించేది. గ్లవుజులు అయిదే ఉండేవి. జిల్లా శిబిరంలో మగపిల్లల జట్టు బట్టలు కూడా ఆడపిల్లల చేతనే ఉతికించారు. “మీకు అలవాటే కదమ్మా” అన్నాడు శిబిరం చూసుకునే పెద్దమనిషి. ఆ మగపిల్లలు కడపలో మొదటిరోజే ఓడి, ఉతికిన బట్టలతో శుభ్రంగా బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆడపిల్లలు ఒక్కొక్క జట్టునే ఓడించుకుంటూ ఫైనల్ దాకా వచ్చారు.

ఫైనల్లో కడప పిల్లల మీద ఒక్క పరుగు ఆధిక్యం. వాళ్ళలో ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకరు అయితే ఆట ముగిసినట్టే. కానీ ఒక పిల్ల మూడో బేసు మీద పరుగుకు సిద్ధంగా ఉంది. కొట్టడానికి వచ్చింది వాళ్ళలో బలమైన పిల్ల, అంతకు ముందే రెండుసార్లు బాలును కంచె బయటికి పంపింది. జనం అంతా కడపవాళ్ళే. “గట్టిగా ఎయ్యి పాపా, అన్నం ముద్ద పెడతాండావా?” అని అరుస్తున్నారు, నవ్వుతున్నారు. కృపమణికి అరచెయ్యి తడిసిపోయింది, తల ఎత్తలేకపోయింది. కొట్టే పిల్ల వెనక నిలబడి బాలు పట్టుకునే మహాదేవి, కర్ణాటక సరిహద్దు ఊరి పిల్ల, అవతల నుంచి “ఏమే మణీ, దుడ్లు పారేసుకున్యావా, నేల చూస్తాండావు?” అని అరిచింది. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే, ఎవరు ఏమన్నా సరే అనుకుని, బాలును ఎన్నడూ లేనంత నెమ్మదిగా, ఎత్తుగా వదిలింది. కొట్టే పిల్ల ఆగలేకపోయింది. ముందుగానే ఊపింది. బ్యాటు అంచుకు తగిలి బాలు నిట్టనిలువుగా లేచింది. మహాదేవి దాని కిందికి వచ్చి రెండు చేతులా పట్టుకుంది. ఆ సాయంత్రం పదిమందీ కడప బస్టాండులో కప్పును మధ్యలో పెట్టుకుని, జుట్లు విరబోసుకుని మిరపకాయ బజ్జీలు తిన్నారు. సరిగ్గా కూర్చోమని ఎవరూ అనలేదు. అంత సంతోషం కృపమణికి మళ్ళీ దొరకలేదు. పెళ్ళినాడూ దొరకలేదు. నిస్సీ పుట్టినప్పుడు కలిగింది వేరే సంతోషం.

ఇప్పుడు ఆ నిస్సీకి పధ్నాలుగేళ్ళు, హైస్కూలు స్లో పిచ్ సాఫ్ట్‌బాల్ జట్టులో బాలు వేస్తుంది. అదే స్కూల్లో కృపమణి మధ్యాహ్న భోజనం వండుతుంది. వంటగది కిటికీలోంచి గ్రౌండు కనబడుతుంది. వారం రోజులుగా చూస్తోంది: పిల్ల విసురుగా వేస్తోంది, డ్రిల్లు మాస్టరు శేషన్న సారు ఈల వేసి ఆపుతున్నాడు. నిన్న ఆయన గుడ్లు లెక్క చూడటానికి వచ్చి, “ఏమ్మా వంటామె, మీ ఆయన అంత ఆడినాయన కదా, పాపకు నిదానం నేర్పమను. చెయ్యి మంచిది, తొందరే ఎక్కువ. మంగళవారం జిల్లా ఎంపిక. ఇట్లే విసిరితే ఇంటికి పంపిస్తారు” అన్నాడు. కృపమణి “చెప్తా సార్” అని గుడ్లు ఒలిచింది. ఆమె వేళ్ళు మాత్రం ఒక్కొక్క గుడ్డునూ చుట్టూ పట్టి, చెయ్యి కిందనుంచి ఊపడానికి ఉబలాటపడ్డాయి.

అద్దం ముందున్న యేసుప్రసాద్‌కు ఆమె ఇంకా జవాబు చెప్పకముందే నిస్సీ ప్రాక్టీసు నుంచి వచ్చి సంచి మూలకు విసిరింది.

“నాయనా, నువ్వు చెప్పినట్లే గట్టిగా వేస్తాండా. సారేమో చెల్లదు, చెల్లదంటాడు.”

“సారు అట్లనే అంటాడులేమ్మా. గట్టిగా వెయ్యి, ప్రభువు చూసుకుంటాడు” అన్నాడు యేసుప్రసాద్, అద్దంలోకే చూస్తూ.

కృపమణి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “కాదు పాపా. నిదానంగా వదలాల. మోచెయ్యి బిగబట్టొద్దు, బాలు వేళ్ళ చివర నుంచి...”

“నీకేం తెలుసు మా?” అంది నిస్సీ. కోపంగా కూడా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. “నువ్వెప్పుడన్నా బాలు పట్టుకున్యావా?”

గడప దగ్గర కూర్చున్న మార్తమ్మ ఫక్కున నవ్వింది. “మీ యమ్మ పట్టుకున్యాది గరిటె.”

కృపమణి మొగుడి వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడు అనుకుంది. బయటివాళ్ళ దగ్గర ఎన్ని చెప్పుకున్నా, కన్నబిడ్డ ఇంత మాట అన్నప్పుడు నోరు తెరుస్తాడు కదా అనుకుంది. యేసుప్రసాద్ మీసం ఎడమ కొస కత్తిరించాడు. తర్వాత కుడి కొస కత్తిరించాడు. నిస్సీ స్నానానికి వెళ్ళిపోయింది, మార్తమ్మ దాని వెనకే తువ్వాలు తీసుకుని వెళ్ళింది.

“రేపు ఆ కథ చెప్పొద్దు” అంది కృపమణి.

“ఇప్పుడొచ్చి చెప్పొద్దంటే ఎట్లా? పాస్టరు అయ్యగారికి మాటిచ్చినా.”

“పాప నీ మాట నమ్మి గట్టిగా వేస్తాంది. దానికి జట్టులో చోటు పోతాది. నువ్వు ఎట్లనో సర్దుకో, దానికి మాత్రం నిజం చెప్పు.”

అతను మంచం మీద కూలబడ్డాడు. “నీకేం మణీ, నువ్వు ఆడినావు. ఎవరికి చెప్పకున్నా అది నీకు ఉండాది. నేను రెండేండ్లు నీళ్ళు మోసినా. నాకు చెప్పుకునేదానికి ఏముండాది? ఇప్పుడు కాదంటే ఊరంతా నన్ను అబద్ధాలకోరు అంటాది. నా బిడ్డే నా మొగం చూడదు.”

అతని గొంతులో నటన లేదు. కృపమణికి జాలేసింది. ఇన్నేళ్ళూ ఆమెను నోరు మూయించింది ఈ జాలే. చొక్కా మడిచి అతని పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగింది. నా బిడ్డే నా మొగం చూడదు అన్నాడు. మరి నా బిడ్డ నా మొగం ఎప్పుడు చూసిందని? గరిటె పట్టుకున్న మనిషిగానే చూసింది. అతను భయపడే ఆ చిన్నచూపులోనే ఆమె పధ్నాలుగేళ్ళుగా బతుకుతోంది. ఆ సంగతి అతనికి తట్టను కూడా తట్టలేదు. బియ్యం మూడుసార్లు కడిగినా ఆ మంట చల్లారలేదు.

మర్నాడు చర్చి నిండిపోయింది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, పిల్లలు ముందు. యేసుప్రసాద్ లేచాడు. చెప్పడేమో అని కృపమణి ఒక్క నిమిషం ఆశపడింది. అతను పాట ఎత్తుకుని, మంగళవారం ఎంపికకు పోయే తన బిడ్డను తలుచుకుని, నేరుగా కడప గ్రౌండుకు వెళ్ళాడు. అలవాటైన దారి, అతను మాత్రం ఏం చేస్తాడు? బాలు ఈసారి మెరుపులాగా పోయింది. ముందు వరసలో కూర్చున్న నిస్సీ చెయ్యి ఒళ్ళోనే బిగుసుకుని, తండ్రి మాటకు తగ్గట్టు విసురుగా ఊగింది. వెనక నుంచి కృపమణి ఆ చేతినే చూసింది. తన చెయ్యిలాంటిదే, పొడుగు వేళ్ళు.

ఆమెన్లు సద్దుమణిగాక అయ్యగారు, “ఆడవాళ్ళలో సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా?” అని అడిగాడు. ఆడవాళ్ళ సాక్ష్యాలు రెండు ముక్కలే ఉంటాయి. జ్వరం తగ్గిందని ఒకరు, కోడలు నీళ్ళోసుకుందని ఒకరు చెప్పి, వందనాలని కూర్చుంటారు. మార్తమ్మ కోడలి నడుములో మోచేత్తో పొడిచింది. “లెయ్. పాప ఆటకు పోతాందని స్తోత్రం చెప్పు.”

కృపమణి లేచింది. చాపల మధ్య నడిచి ముందుకు వెళ్ళి మైకు అందుకుంది. మగవాళ్ళ వైపు నుంచి యేసుప్రసాద్ ఆమెను చూశాడు. ఆత్మకూరు నాటి బెరుకే ఆ కళ్ళలో. వద్దన్నట్టు తల కొంచెం ఊపాడు. ఆమెకు మళ్ళీ జాలేసింది. జాలితోనే నిలబడింది, వెనక్కి మాత్రం రాలేదు.

“అందరికీ వందనాలు. మా నిస్సీ మంగళవారం ఎంపికకు పోతాంది. దాని కోసం ప్రార్థన చేయండి.”

అయిపోయిందనుకుని మార్తమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపాడు. కృపమణి మైకు ఇవ్వలేదు.

“ఇంకొక మాట ఉండాది. నిస్సీ, ఈ పక్క చూడు తల్లీ. ఆ బాలు మెరుపులాగా పోలేదు. శానా నిదానంగా పోయింది. గ్రౌండంతా గట్టిగా ఎయ్యమని అరిచినా, నేను నిదానంగానే వేసినా.”