దానంతటదే వెచ్చబడే ఇల్లు

నేను హాల్లో మూడో చెక్కతలుపు జరుపుతుంటే ఆర్కిటెక్ట్ ఆపాడు. "వదిలేయండి మేడం, రేపు వాటిని పీకేస్తున్నాం."

పీకేస్తారట. చలి ఎక్కువైన ఈ కొండ ఊళ్ళో ఈ ఇల్లు మా మావగారు తన పెళ్ళైన కొత్తలో కట్టారు. దక్షిణం గోడంతా అద్దమే. చలికాలం ఎండ ఏటవాలుగా లోపలికంటా వచ్చి నల్లరాతి నేలని వేడెక్కిస్తుంది, రాత్రంతా ఆ వేడే ఇంటికి ఆధారం. ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి పైనున్న వెడల్పాటి చూరు ఎండని గడప తొక్కనివ్వదు. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఆహా అంటారు.

కానీ పగలు ఎండని రానిచ్చే అద్దమే రాత్రి వేడినంతా బయటికి పంపేస్తుంది. మావగారి డ్రాయింగులో ఆ సంగతి లేదు. మొదటి చలికాలమే, అప్పటికి చంటిపిల్లాడైన మా ఆయనకి రొంప పట్టి వదలకపోతే, అత్తయ్య వడ్రంగిని పిలిపించి అద్దాలకి లోపలివైపు ఈ మందపాటి తలుపులు పెట్టించింది. పొద్దున్నే తీయాలి, ఎండ వాలగానే వేయాలి. చీకటి పడ్డాక వేస్తే లాభం లేదు, అప్పటికే నేల చల్లబడిపోతుంది. "కట్టింది ఆయనే గానీ, కాచుకునేది మనమే కదమ్మా" అంటూ మంచాన పడ్డ రోజు ఆవిడ ఈ పని నాకప్పగించింది. అప్పట్నుంచి ఏ సాయంత్రమూ నాది కాదు. ప్రూఫులు దిద్దడానికి సాయంత్రం షిఫ్టుకి రమ్మని ప్రెస్సువాళ్ళు రెండుసార్లు పిలిస్తే, రెండుసార్లూ కుదరదన్నాను. ఇవాళ మళ్ళీ అడిగారు, ఇదే ఆఖరిసారన్నారు. భుజాలు లాగేస్తున్నాయని ఎప్పుడైనా అంటే మా ఆయన, "రోజంతా ఇంట్లో ఖాళీగానే ఉంటావు, ఇదీ ఒక పనేనా?" అనేవారు.

ఇప్పుడు మా ఆయన ఈ ఇల్లు మొదట్లో ఎలా ఉండేదో అలా చేయిస్తున్నారు. డ్రాయింగులో లేనిదేదీ ఉండకూడదట.

"మా నాన్న లెక్కంటే లెక్కే," అన్నారు ఆయన ఆర్కిటెక్ట్‌తో. "ఈ ఇంటికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. దానంతటదే వెచ్చబడుతుంది."

నేను పక్కనే తలుపు పట్టుకుని రొప్పుతూ నిలబడి ఉన్నాను. సొమ్మొకడిది, సోకొకడిది! ఒళ్ళు మండిపోయింది.

"అయితే తీసేయండి," అన్నాను. "సాయంత్రాలు నాతో పనుండదు కదా. ప్రెస్సులో చేరిపోతాను."

ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆర్కిటెక్ట్ గేటు దాటేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"నీకేమైనా పిచ్చా? తీయించేది పదిమందికీ చూపించుకోడానికి. తర్వాత మందపాటి పరదాలేవో కట్టిద్దాం. సాయంత్రం నువ్వు లేకపోతే ఇల్లు గడ్డకట్టిపోదూ?"

అంటే తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు. పాపం, మగవాడు, తెలియక అంటున్నాడని ఎన్నిసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో!

ఎండ వాలిపోయింది. చేతిలో తలుపుని సగంలోనే వదిలేసి ప్రెస్సుకి ఫోన్ చేశాను. "రేపట్నుంచి వస్తున్నాను," అని నేను చెబుతుంటే, నా వెనక ఆయన ఆ తలుపుని ఎటు జరపాలో తెలియక అటూ ఇటూ తోస్తున్నారు.