తోక మిగలని మడి

లెక్కల సార్ ఉదయ్‌కుమార్ గారు బోర్డు మీద రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు రాసి, అన్నిటినీ గుణించి, ఒకటి కలిపారు. 30031 వచ్చింది.

"వీటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కాబట్టి ఇది ప్రధాన సంఖ్య. ఇంక దేనితోనూ పోదు," అన్నారు.

రాజమండ్రి సైన్స్ ప్రదర్శనకి అదే మా చార్టు. నా అక్షరాలు బాగుంటాయని రాసే పని నాకిచ్చారు. పక్కన నిలబడి వివరించేది కూడా నేనే అన్నారు. తరగతిలో నేనెప్పుడూ నోరు విప్పను. అయినా ఆ పని నాకు కావాలి.

ఆ సాయంత్రం కడియం నర్సరీలో అమ్మకి మొక్కల కవర్లు అందిస్తున్నాను. అక్కడ మొక్కల్ని విడివిడిగా లెక్కపెట్టరు. వరసకి ఎన్ని, వరసలు ఎన్ని, అంతే. చివరి వరస కురచగా తోకలా మిగిలితే మేస్త్రి మడంతా తీయించేస్తాడు. వరసకి పదకొండు పెడితే తోక మిగిలింది. పదమూడు పెట్టినా మిగిలింది.

"ఇది కుదరదేమో అమ్మా."

"రెండుసార్లు పేర్చి చేతులెత్తేస్తే ఎలాగే? వరస పొడుగు చెయ్యి," అని కసిరింది అమ్మ.

పదిహేడు పెడితే సరిపోయింది. నాకు బోర్డు గుర్తొచ్చింది. సార్ పదమూడు దగ్గరే ఆగిపోయారు.

మర్నాడు లేచి నిలబడ్డాను. "సార్, పదిహేడుతో చూశారాండీ?"

"ఎవరూ, ఆశాజ్యోతా? నీకు మాటలొచ్చా?" అన్నారు సార్. అందరూ నవ్వారు. "ఇది మీ అమ్మ పేర్చే మడి కాదమ్మా, సిద్ధాంతం."

ముందు బెంచీలోంచి సారిక తిరిగి చూసింది. "పేడ చేతులతో చార్టు ముట్టుకోకే, మరకలవుతాయి."

సార్ నా వైపే చూశారు. "రేపటికి దేనితో పోతుందో చూపించు. లేదంటే చార్టు పక్కన సారిక నిలబడుతుంది," అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో 30031ని పదిహేడుతో భాగిస్తే తొమ్మిది మిగిలింది. పంతొమ్మిదితో పదకొండు. వరస పొడుగు చేస్తూనే పోయాను. యాభైమూడుతో ముప్పైమూడు మిగిలేసరికి ఏడుపొచ్చింది. తర్వాతది యాభైతొమ్మిది. ఏమీ మిగల్లేదు.

మర్నాడు బోర్డు దగ్గరికి వెళ్లాను. 59 × 509 అని రాసి, గుణకారమంతా చేసి పక్కకి జరిగాను. 30031 వచ్చింది.

"ఎవరి ఫోన్‌లో చూశావ్?" అన్నారు సార్.

తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్లీ గుణించి చూసుకున్నారు. తర్వాత డస్టర్ తీసుకుని మొత్తం తుడిచేశారు.

"సరే, చార్టు మారుద్దాం. ఒకటి కలిపినంత మాత్రాన ప్రధాన సంఖ్య రాదని పెడదాం. సారిక చెప్తుంది. నువ్వు పదిమందిలో మాట్లాడలేవు కదా. అక్షరాలు మాత్రం నువ్వే రాయి, పెద్దగా ఉండాలి." కొత్త చార్టు నా ముందుకు చాపారు.

"రాయనండి," అన్నాను.

చివరి బెంచీ దాకా వినిపించింది.

"ఏంటీ?"

"చెప్పేవాళ్లనే రాసుకోమనండి."

స్కెచ్ పెన్నులు సార్ బల్ల మీద పెట్టి నా బెంచీకి వచ్చి కూర్చున్నాను.