నిండా పోసిన నీళ్లు

"ఆ బ్యాటరీలు పేలవు కదా?" అని అడిగాను, బండి ఇంకా ఇంటి ముందే ఉండగా.

"అమ్మా, నువ్వు ఎక్కకముందే పేల్చేశావు," అంది అమ్మాయి.

మావారు ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయనది ముప్పై ఏళ్ల బ్యాటరీల షాపు. అమ్మాయి పాత సామాన్ల వ్యానొకటి కొని, లోపల మంచం, స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు అమర్చుకుంది. కరెంటు లేని చోట కూడా నాలుగు రోజులు ఉండేందుకు మంచం కింద రెండు పెద్ద బ్యాటరీలు, బండి పైన సోలార్ పలకలు పెట్టింది. అన్నీ ఫోన్లో వీడియోలు చూసి తనే బిగించుకుంది. ఇంట్లో అంత షాపు పెట్టుకుని ఆయన్ని ఒక్క మాట అడగలేదు. ఆయన షాపులో నలుగురి ముందూ, "ఆ బండి నెల తిరక్కుండా తుక్కుకి పోతుంది," అన్నారు. ఆ మాట దాని చెవిన పడింది.

అప్పటినుంచి ఎనిమిది నెలలు ఇద్దరికీ మాటల్లేవు. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది, ఇది అలవాటుగా మారిపోతుందేమోనని నా భయం. సరస్సు ఒడ్డున మూడు రోజులు ఉండొద్దామని ఇద్దర్నీ బతిమాలి బయల్దేరదీశాను.

దారి పొడుగునా కబుర్లు మోసే పని నాదే.

"మీ ఆయనకి టీ కావాలేమో కనుక్కో."

"కావాలని చెప్పు. ఇందాకటిలా పానకం చెయ్యొద్దని కూడా చెప్పు."

వాళ్లిద్దరి మధ్య ఉన్నది నేనూ, ఒక ఫ్లాస్కూ.

మర్నాడు పొద్దున సరస్సు ఒడ్డున, బండి గోడకున్న బ్యాటరీ మీటరు పన్నెండు వోల్టులకు కాస్త పైన చూపించింది. "సగానికి దిగింది. ఇంతకన్నా దిగనివ్వకూడదు. ఎండెక్కితే మళ్లీ నిండుతుంది," అంది అమ్మాయి నాతో.

"ఎండకి కబురు పెట్టమను," అన్నారాయన, అదీ నాతోనే.

తర్వాత ఒకరు ఒడ్డు వెంట కుడివైపు, ఒకరు ఎడమవైపు నడకకు వెళ్లారు. నేను ఒక్కదాన్నే మిగిలాను. సగానికి దిగిందన్న మాట బుర్రలోంచి పోలేదు. దిగింది నీళ్లేమోనని మంచం పలక ఎత్తి, బ్యాటరీల మూతలు తిప్పి టార్చి వేసి చూశాను. లోపల నీళ్లు సీసం ప్లేట్లకు కొంచెమే పైన ఉన్నాయి. మా వంటిల్లు షాపు వెనకాలే. అంట్లు తోముకుంటూ ముప్పై ఏళ్లు విన్నాను, ఆయన పనివాళ్లను తిట్టే తిట్లు: "ప్లేట్లు ఆరిపోతే బ్యాటరీ చచ్చినట్టేరా!" బ్యాటరీల్లో పోసే నీళ్ల డబ్బా పక్కనే ఉంది. రెండింటికీ కలిపి ఉన్న ఆరు మూతల్లోనూ మెడదాకా పోసి, పలక దించేశాను. ఆ ప్రయాణంలో మొదటిసారి నిశ్చింతగా కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఎండ మాడ్చేసింది. ఇద్దరూ తిరిగొచ్చారు. ముక్కు పగిలే పుల్లటి వాసన. అమ్మాయి పలక ఎత్తింది. ఆరు మూతల్లోంచీ బుడగలు కక్కుతూ ఆసిడ్ నీళ్లు పొంగి, వైర్ల మీదుగా కింది ట్రేలోకి కారుతున్నాయి. అది ముందు సోలార్ స్విచ్చు కట్టేసి, తలుపులన్నీ తెరిచింది.

ఆయన వంగి చూశారు. "ఛార్జి ఎక్కకముందే ఎవరైనా మెడదాకా నీళ్లు పోస్తారా అని అడుగు దాన్ని. ఛార్జవుతుంటే పొంగవూ? ఛార్జి నిండాక పొయ్యాలి."

"నేను పొయ్యలేదని చెప్పు. నా బండి తుక్కని నిరూపించడానికి ఆయనే పోసుంటారని కూడా చెప్పు."

"నేనా? ఇన్నేళ్లలో ఒక్క బ్యాటరీ పొంగించానేమో అడుగు!"

ఈసారి ఎవరి కబురూ ఎవరికీ మొయ్యలేదు. నేను నోరు మూసుకుంటే వీళ్లిద్దరూ ఈ నేరాన్ని ఒకరి మీద ఒకరు పెట్టుకుని జీవితాంతం మోస్తారు.

"పోసింది నేను," అన్నాను. "ఆరిపోతే చచ్చినట్టేనని అరిచేవారు కదండీ."

"ఛార్జయ్యాకే పొయ్యండని కూడా అరిచేవాణ్ణి."

"అది వంటింట్లోకి వినపడలేదు."

ఎవరూ నవ్వలేదు. ట్రే నిండి, అంచు మీంచి బండి నేల మీదకి ఒక్కో చుక్కే పడుతోంది. అమ్మాయి తుడుద్దామని గుడ్డ తీసి, భయపడి మళ్లీ పెట్టేసింది. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"నాన్నా," అంది. "ఇప్పుడేం చెయ్యాలి?"

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, అది బిగించిన వైర్లను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు. మళ్లీ మొదటినుంచి చూశారు. బయట ఎక్కడో పడవ మోటారు మోగి, దూరమై, ఆగిపోయింది. లేచి వెళ్లిపోతారేమో, వెళ్తే ఇక అంతేననుకున్నాను.

"చేతులకి తొడుగులేసుకో," అన్నారాయన చివరికి, దానితో. "ఆసిడ్ మీద చల్లాలి, వంటసోడా ఎక్కడ పెట్టావు?"