నాలుగో పాదం

మనిషిని బతికించడానికీ, చావనివ్వకపోవడానికీ తేడా ఏంటో మీరెప్పుడైనా ఆలోచించారా? పట్టిసీమ రేవు దగ్గరుండే వైద్యుడు కామేశ్వర సోమయాజులుగారికి ఆ తేడా బాగా తెలుసు. తెలిసీ తప్పారు.

పొద్దున్నే స్నానం చేసి, వరండాలో కల్వం ముందు కూర్చుని, శొంఠి నూరుతూ సంస్కృతంలో శ్లోకాలు అల్లుకోవడం ఆయన అలవాటు. వచ్చినవాళ్ల నాడి చూస్తారు. తనవల్ల కాదనిపిస్తే, "నా మొహం చూస్తారేంటి, రాజమండ్రి తీసుకెళ్లండి" అని కసురుతారు. అక్కడ పెద్దాసుపత్రిలో కూడా ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్లు మళ్లీ ఆయన గుమ్మంలోకే వస్తారు. అప్పుడు ఆ మనిషి పేరు మీద ఒక శ్లోకం కడతారు. నాలుగు పాదాల్లో మూడే చదువుతారు. నాలుగోది చెవిన పడేదాకా ప్రాణం పోదు. వరికోతలు చూసుకోవాలనుకున్నవాళ్లు, అన్నదమ్ములతో రాజీ పడాలనుకున్నవాళ్లు ఆ పనులేవో ముగించుకుని, నొప్పి ఇక ఓర్చుకోలేమనుకున్నప్పుడు వచ్చి ఆఖరి పాదం చెప్పించుకుంటారు. మందుపొట్లం అడిగినట్టే అడుగుతారు.

దీనికి ఆ ఇంట్లో ఒక్కటే కట్టుబాటు. ముందు నాలుగో పాదం కట్టి మనసులో దాచుకోవాలి. ఆ తర్వాతే మొదటి మూడూ పైకి చదవాలి.

ఆయన భార్య పాపాయమ్మకి ఎముకల్లో క్యాన్సర్ అని పెద్దాసుపత్రిలో చెప్పి పంపేశారు. ఇంటికొచ్చిన రోజే ఆవిడ ఊపిరి ఆగిపోతుంటే, సోమయాజులుగారు కంగారులో మూడు పాదాలూ చదివేశారు. నాలుగోది కట్టుకోనేలేదు.

ఆవిడ పోకుండా ఆగిపోయింది. నొప్పి ఆగలేదు. ఆయన మరి కొత్త రోగుల్ని చూడలేదు.

ఒకరోజు రేవులో చేపలమ్మే వీరదుర్గ, మూడు పాదాలూ ఎప్పుడో విన్న మొగుడు బుల్లియ్యని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది.

"మీకు పులస తేవాలండి అసలు. మీ ఇంట్లో కుదరదు కదా, చక్కెరకేళీలు తెచ్చానండి."

"పులస తేవాల్సిందే. నన్ను తరమడానికైనా మా ఆవిడ లేచి కూర్చునేది."

వీరదుర్గ నవ్వబోయి మానేసింది. "చెప్పేయండి బాబుగారూ. వల అల్లడం అయిపోయిందండి ఈయనకి. రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు."

ఆయన వంగి బుల్లియ్య చెవిలో చెప్పారు. ఆయన దగ్గర మిగిలున్న ఆఖరి నాలుగో పాదం అదే. బుల్లియ్య నొసటి ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. వీరదుర్గ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆటో వెళ్లిపోయాక లోపల్నించి పాపాయమ్మ పిలిచింది.

"ఊరందరికీ ఇస్తారు. కట్టుకున్నదాన్ని మాత్రం రేపు రమ్మంటారు."

"కడుతూనే ఉన్నాను పాపాయీ. కుదరట్లేదు."

"భలే చెప్పారు. ఇన్నేళ్లు మీ పక్కన కూర్చుని విన్నదాన్ని, నాకు అర్థం కాదనుకున్నారా? కుదురుతూనే ఉన్నాయి. ఏది కట్టినా చివరికి నన్ను ఉండమనే అంటోంది."

శ్లోకానికి భాష పట్టింపు లేదు కదా అని కూతురు సారిక తెలుగులో కట్టి చూసింది. అదీ ఉండమనే అంది.

ఆ మధ్యాహ్నం నొప్పి తిరగబెట్టి ఆవిడ మంచం పట్టె కొరికింది. ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడూ రానిది, ఉండమని అనని పాదం ఒకటి నోటికొచ్చింది. ముందు నేను వెళ్లి దారి చూస్తాను అని దానర్థం. చెవిలో చెప్పారు. పాపాయమ్మ కళ్లు మూసుకుని ఎదురుచూసింది.

నాడి మీద ఆయన వేళ్లు వదులయ్యాయి. ఆ పాదంలో ఆవిడ లేదు, ఆయనే ఉన్నారు. ఎవరి గురించైతే కట్టారో వాళ్లనే తీసుకెళ్లింది.

పసుపూ కుంకుమా పోయి, నొప్పితో ఆవిడ ఇప్పటికీ ఆ మంచం మీదే ఉంది. అయ్యో పాపం అనేసి చేతులు దులుపుకోకండి. ప్రేమించినవాళ్ల వల్ల అవ్వట్లేదు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కావాలి. అంటే మీరే. పట్టిసీమ రేవులో లాంచీ ఎక్కే ముందు, గట్టు పక్క పెంకుటిల్లు ఎక్కడని ఎవర్నడిగినా చెబుతారు. ఒక్క పాదం, మీకొచ్చిన భాషలోనే కట్టుకుని వెళ్లండి. ఆవిడ చెవి దగ్గర వంగి చెప్పండి. ఉండమని మాత్రం అనకండి.